మా మండువా ఇల్లు, మామ్మ పెంకు డబ్బులు

మా ఇంటి వాకిట్లో తులసికోటకి కాస్త అవతల నేలలో పాతిన నల్లరాయి ఒకటుంది. మధ్యలో పిడికిలి పట్టేంత కన్నం. కొత్తగా వచ్చినవాళ్ళు పాత రోలేమో అనుకుంటారు. అది రోలు కాదు, ముహూర్తపు రాట నిలబెట్టే రాయి. ప్రతి పెళ్ళికీ గుంత తవ్వడం, పెళ్ళయ్యాక పూడ్చడం, మళ్ళీ తవ్వడం, ఇదంతా ఎందుకని మా తాతయ్య ఒకసారి రాళ్ళు కొట్టేవాళ్ళని పిలిచి కన్నం వేయించి అక్కడ పాతించేశారు. చిన్నప్పుడు నేను అందులో గోళీలు దాచుకునేదాన్ని, వాన పడితే నీళ్ళు నిండి కప్పపిల్లలు చేరేవి, మామ్మ చూసిందంటే మాత్రం వీపు మీద ఒక్కటిచ్చేది, ఎందుకంటే ఆవిడకి అది దేవుడి మందిరంతో సమానం.

"మీ ఇంటిని ఫంక్షన్ హాల్ కింద ఎప్పుడు మార్చారండీ" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మేం మార్చలేదు. అది ఇల్లుగానే ఉంది, ఇప్పటికీ మా బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, పెళ్ళాం పిల్లలతో అందులోనే కాపురం ఉంటున్నాడు. పెళ్ళిళ్ళు ఎలా వచ్చి చేరాయో మాత్రం రాసిపెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు కాబట్టి.

మాది కోనసీమ, ముక్తేశ్వరం రేవుకి దగ్గర్లో ఊరు. ఇల్లు మా ముత్తాతగారు కట్టించింది. మండువా లోగిలి అంటే తెలియని పిల్లల కోసం చెప్తున్నా, నాలుగు వైపులా గదులు, వాటి ముందు చుట్టూ వసారా, మధ్యలో ఆకాశం కనపడేలా వదిలేసిన చోటు, అదే మండువా. నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలుగా ఉంటుంది, వాన పడితే నీళ్ళన్నీ మండువాలోకి దూకి, మూల తూములోంచి పెరట్లోకి పోయి, అక్కణ్ణుంచి పంటకాలవలో కలుస్తాయి. స్తంభాలూ దూలాలూ బర్మా టేకు. ఆ టేకు కాకినాడ రేవులో దిగి, ధవళేశ్వరం లాకుల మీదుగా కాలవల్లో పడవలెక్కి వచ్చిందని తాతయ్య చెప్పేవారు. పైన బంగాళా పెంకు. వీధివైపు రెండు పెద్ద అరుగులు, వెనకాల గాదె గది, నుయ్యి, గొడ్లసావిడి, దాని వెనక కొబ్బరితోట. ఇంతే ఇల్లు, కాకపోతే ఇందులో రెండొందలమంది ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా తిరగొచ్చు, ఎందుకో తెలీదు కానీ అన్ని గుమ్మాలూ మండువాలోకే తెరుచుకుంటాయి కాబట్టి అనుకుంటా.

మొదట్లో అందరిళ్ళలాగే మా ఇంటి ఆడపిల్లల పెళ్ళిళ్ళే అక్కడ జరిగేవి, పెళ్ళంటే ఆడపిల్లవారింట్లోనే కదా. మా పెద్దత్తయ్య పెళ్ళి గురించి మామ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మగపెళ్ళివారు రామచంద్రపురం వైపువాళ్ళు, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ఇటు రావాలి, వైశాఖమాసం, గోదాట్లో నీళ్ళు తక్కువ, సగం దూరం వచ్చాక పంటు ఇసుకమేట మీద కూర్చుండిపోయింది. ముహూర్తం తెల్లవారుజామున. ఇక్కడ రేవులో మా తాతయ్య నిలబడి చూస్తున్నారు, నది మధ్యలో పెట్రోమాక్స్ లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయి కానీ కదలట్లేదు. చివరికి మా ఊరి పడవవాళ్ళు చిన్న నావలేసుకెళ్ళి ముందు పెళ్ళికొడుకునీ, పురోహితుణ్ణీ, సన్నాయివాళ్ళనీ దింపుకొచ్చారు. మిగతావాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో పట్టుపంచెలు పైకెత్తుకుని నడిచొచ్చారట. విడిదింట్లో కాళ్ళు కడుక్కునే టైము కూడా లేక తిన్నగా మండువాలోకే వచ్చేశారట, జీలకర్ర బెల్లం ముహూర్తానికే పడింది. మా మామయ్యగారు పోయేదాకా ప్రతి పండక్కీ ఆ నావ కథ చెప్పించుకునేవారు.

1986 ఆగస్టు వరద నాకు బాగా గుర్తు, పదేళ్ళు నాకు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చిందని రేడియోలో చెప్పారు. మా ఊరు ఏటిగట్టుకి లోపలుంది కాబట్టి మునగలేదు, గట్టుకి అవతల లంకల్లో ఇళ్ళన్నీ పోయాయి. పడవల మీద వచ్చినవాళ్ళని ఎక్కడ పెట్టాలో తెలీక బడిలో కొంతమందిని, గుళ్ళో కొంతమందిని ఉంచారు, మిగిలినవాళ్ళకి మామ్మ మా వీధి తలుపులు రెండూ బార్లా తీసేసింది. ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. వాళ్ళలో చాలామంది అంతకుముందు మా అరుగు దాటి లోపలికి వచ్చినవాళ్ళు కాదు. రానిచ్చేవాళ్ళు కాదు మావాళ్ళు, అదీ నిజం. పాలేర్లుగా, కూలీలుగా మా పొలాల్లో చేసినవాళ్ళే, ఎన్నేళ్ళున్నా పెరటి గుమ్మం వరకే. ఆ పది రోజులూ అందరూ మండువా చుట్టూ వసారాలో పడుకున్నారు, ఒకే గాడిపొయ్యి మీద వండిన అన్నం తిన్నారు.

నీళ్ళు తీసాక ఒకాయన తాతయ్య దగ్గరికొచ్చి, కూతురి పెళ్ళికి శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నామండి, ఇల్లు లేదు కదండి, మగపెళ్ళివారికి కబురెట్టి ఆపేస్తామండి, ఆయ్, అని చెప్తున్నాడు, ఏదో అడగడానికి కాదు, ఊరికే బాధ చెప్పుకోడానికి. తాతయ్య ఏమీ అనలేదు. లోపల్నుంచి మామ్మ వచ్చి, "ముహూర్తం ఆపడమేంటి, మండువా ఉందిగా" అంది. తాతయ్య ఆవిడ వైపు చూశారు, బంధువులేమనుకుంటారో అన్న చూపది. "పది రోజులు మన కప్పు కింద పడుకున్న పిల్ల, పెళ్ళిపీటల మీద కూర్చుంటే కప్పు కూలుద్దా?" అని ఆవిడ మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. అలా మా ఇంట్లో మా వాళ్ళది కాని మొదటి పెళ్ళి జరిగింది. మా వాళ్ళు కొందరు భోజనానికి రాలేదు, ఒకరిద్దరు ఏళ్ళ తరబడి మా గడప తొక్కలేదు. మామ్మ వాళ్ళని పిలవడం మానలేదు, ఈ పెళ్ళిళ్ళూ మానలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఇల్లు చాలనివాళ్ళందరూ వచ్చి అడగడం మొదలెట్టారు, పెళ్ళివారు బియ్యం, కూరలు, కట్టెలు తెచ్చుకునేవాళ్ళు, గంగాళాలు, గుండిగలు, జంబుఖానాలు మావి. డబ్బు ప్రసక్తే లేదు.

డబ్బు ప్రసక్తి 1996 తుఫానుతో వచ్చింది.

నవంబర్ 6. నేను కాకినాడలో హాస్టల్లో ఉన్నా, ఇంటికొచ్చేసరికి మూడోరోజు. ఆ రాత్రి గాలి ఎలా అరిచిందో మా అమ్మ ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు, చెప్పబోతే ఆగిపోతుంది. అందరూ గాదె గదిలో కూర్చున్నారట, దూలాలు కిర్రుమంటున్నా నిలబడ్డాయి, పెంకు మాత్రం దొంతరలు దొంతరలుగా లేచిపోయి మండువాలో పడి పగిలింది. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి. మా అరుగు మీంచి పక్క ఊరి గోపురం కనపడింది, ఎప్పుడూ కనపడేది కాదు, చెట్లే కదా అడ్డం. కోనసీమలో లక్షల చెట్లు పడిపోయాయి, వెయ్యిమందికి పైగా మనుషులు పోయారు. నాలుగు రోజుల్లో దీపావళి, ఊళ్ళో ఎవరూ దీపం పెట్టలేదు.

కొబ్బరి మీద బతికేవాళ్ళకి ఇది ఎంత దెబ్బో బయటివాళ్ళకి అర్థం కావడం కష్టం. వరి పోతే మళ్ళీ పంటకి వస్తుంది. కొబ్బరి మొక్క పెడితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు. నెలన్నరకోసారి దింపు తీసి, ఒలిపించి, అంబాజీపేట మార్కెట్‌కి పంపితే వచ్చే డబ్బులతోనే మా ఇల్లు నడిచేది, పిల్లల చదువులు, పండగలు, మందులు అన్నీ. ఒక్క రాత్రిలో ఆ రాబడి ఆగిపోయింది, పైన కప్పు సగం లేదు.

ఆ సంక్రాంతికి అందరం కూర్చున్నప్పుడు మా బాబాయి మెల్లిగా అన్నారు, ఇకనుంచి పెళ్ళిళ్ళకి ఇల్లు అద్దెకిద్దాం అమ్మా, అమలాపురంలో అందరూ తీసుకుంటున్నారు అని. మామ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. "ఆడపిల్ల తండ్రి దగ్గర అద్దె పుచ్చుకుని ఆ డబ్బుతో మనం అన్నం తింటామేవిట్రా?" బాబాయి ఏమీ మాట్లాడలేదు. అందరం పైకి చూశాం, వసారా మీద టార్పాలిన్ పరదా గాలికి టపటప కొట్టుకుంటోంది. కాసేపటికి మా నాన్నగారు, "అన్నానికి వద్దులే అమ్మా, పెంకుకి పుచ్చుకుందాం" అన్నారు. మామ్మ చాలాసేపు ఆలోచించి, "పెంకుకైతే సరే" అంది. ఆ మాటతోనే మొదలైంది, అప్పట్నుంచీ మా ఇంట్లో అద్దె అనే మాట వాడరు, పెంకు డబ్బులు అంటారు. ఎంతని చెప్పేవాళ్ళం కాదు. గాదె గదిలో రేకు డబ్బా ఉండేది, వెళ్ళేముందు పెళ్ళివారి పెద్ద అందులో వేసేవాడు. వంద వేసినవాళ్ళున్నారు, రెండు వేలు వేసినవాళ్ళున్నారు, ఏమీ వేయలేక రెండేళ్ళ తర్వాత బస్తా బియ్యం తెచ్చి అరుగు మీద దింపినవాళ్ళున్నారు. మాఘం, ఫాల్గుణం అయ్యేదాకా ఆ డబ్బా తెరిచేవాళ్ళు కాదు, తెరిచాక ముందు పెంకు, తర్వాత సున్నం, ఆ తర్వాతే ఏదైనా.

1999లో నా పెళ్ళి. అప్పగింతలయ్యాక, నేను ఏడుస్తూ కారెక్కబోతుంటే మామ్మ మా నాన్నగార్ని చూసి "పెంకు డబ్బులు వేశావుట్రా?" అని అడిగింది. సొంత కొడుకుని, సొంత మనవరాలి పెళ్ళికి! నాన్నగారు వెనక్కెళ్ళి డబ్బాలో వేసొచ్చేదాకా కారు కదలలేదు.

పని ఎలా నడిచేదో కూడా రాయాలి, ఎందుకంటే బయటికి కనపడేది పందిరి ఒక్కటే. పెళ్ళికి వారం ముందు తాటాకులు, కొబ్బరాకులు దిగేవి, పందిరివాళ్ళు వాకిలంతా కప్పేసేవాళ్ళు. పెరట్లో రెండు గాడిపొయ్యిలు తవ్వి ఉండేవి, ఒకటి వంటలకి, ఒకటి నీళ్ళకి. తెల్లారుజామున నాలుగింటికి పనసపొట్టు కొట్టే చప్పుడుతో ఊరు లేచేది, టక టక టక అని ఒకే వరసలో, కత్తి పట్టినవాడి చేతికి నూనె, కింద గోనెపట్టా. ఆవ పెట్టిన పనసపొట్టు కూర లేకపోతే మా వైపు అది పెళ్ళి భోజనమే కాదు. పూర్ణం బూర్లు, నెయ్యి, కందా బచ్చలి, గుమ్మడికాయ ముక్కల పులుసు, పులిహోర, గడ్డపెరుగు. మొదటి బంతి వసారాలో వేసేవాళ్ళు, ఒక్కో బంతికి డెబ్భైమంది, ఆకులు ఎత్తేసి నీళ్ళు కొట్టి మళ్ళీ వేయడానికి పావుగంట పట్టేది. మామ్మ ఏ బంతిలోనూ కూర్చునేది కాదు, ఆఖర్న వంటవాళ్ళతో, సన్నాయివాళ్ళతో కలిసి తినేది.

అందరికన్నా పెద్ద సమస్య దొడ్లు. వంటకీ పందిరికీ మేం భయపడలేదు కానీ, మూడొందలమంది వస్తే ఆడవాళ్ళు ఎక్కడికెళ్తారు? కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళొచ్చేస్తాయి, సెప్టిక్ ట్యాంకు నిలవదు. బాబాయి రెండుసార్లు కట్టించి రెండుసార్లు పాడై, మూడోసారి నేల మీద ఎత్తుగా దిబ్బ పోయించి దానిమీద ఆరు బాత్‌రూములు కట్టించారు. ఆ ఆరు గదులకి పెట్టిన ఖర్చు మా ఇంటి మీద అప్పటిదాకా పెట్టిన అన్ని ఖర్చులకన్నా ఎక్కువ. పెళ్ళిపందిరి ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి, ఆ బాత్‌రూముల ఫొటో ఒక్కటీ లేదు, నా లెక్కలో మాత్రం మా బాబాయి చేసిన అన్నిటికన్నా గొప్ప పని అదే.

ఒక మాఘంలో ఒకే తేదీకి రెండు కుటుంబాలు పట్టుబట్టాయి. ఒకరిది పగటి ముహూర్తం, ఇంకొకరిది రాత్రి. రెండూ పెట్టేసుకోండి అంది మామ్మ. ఒకే కన్నంలో రెండు రాటలు కలిపి నిలబెట్టి పసుపుగుడ్డతో కట్టారు. పొద్దున పెళ్ళి తలంబ్రాలు ఊడ్చేలోపే రాత్రి పెళ్ళివారి బస్సు దిగింది, వాళ్ళు మిగిల్చిన బూర్లు వీళ్ళు తిన్నారు, వీళ్ళ సన్నాయి వాళ్ళ అప్పగింతలకి వాయించింది. ఆ రెండు కుటుంబాలు ఇప్పటికీ రాకపోకలు పెట్టుకుంటున్నారు. మూఢం వస్తే మాత్రం అంతా నిశ్శబ్దం. గురు మూఢమో శుక్ర మూఢమో పడితే ముహూర్తాలుండవు కదా, అప్పుడే పెంకు సర్దించడం, స్తంభాలకి నూనె పట్టించడం, ఇత్తడి సామానుకి మాట్లు వేయించడం.

2009 చలికాలంలో మామ్మకి బాగా జబ్బు చేసింది. మాఘానికి మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకుని ఉన్నాం. ఒకరోజు బాబాయిని పిలిచి, "నన్ను గొడ్లసావిడి పక్క గదిలోకి మార్చండ్రా" అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. మా అమ్మకి అర్థమైంది. చావు ఏ నక్షత్రంలో వస్తుందో తెలీదు, ధనిష్ఠా పంచకంలో పడితే ఇల్లు నెలల తరబడి మూసేయాలంటారు మావాళ్ళు. ముహూర్తాలు పెట్టుకున్న ఆడపిల్లలేమవుతారని ఆవిడ బెంగ. ఎంతమంది చెప్పినా వినలేదు. పెళ్ళై కాపురానికొచ్చిన ఇంటిని, అరవై ఏళ్ళు ఏలిన ఇంటిని వదిలి పెరట్లో రేకుల గదిలో మంచం వేయించుకుంది, అక్కడే పదకొండు రోజులుండి పోయింది. నేను ఆఖరిరోజు చేరాను. ఆ గది కిటికీలోంచి మండువా కప్పు వెనకవైపు కనపడుతుంది, ఆవిడ మంచం అటు తిప్పించుకుంది.

ఆ మూడు పెళ్ళిళ్ళవాళ్ళకీ బాబాయి వెళ్ళి చెప్పారు, ఇంట్లో ఏటి సూతకం, మీకు పట్టింపుంటే వేరేచోట చూసుకోండి, మేమేమీ అనుకోం అని. ఒకరు మార్చుకున్నారు, తప్పు లేదు, ఎవరి భయాలు వాళ్ళవి. మిగతా ఇద్దరూ, ఆవిడ ఇల్లు కదండి, మాకేం పట్టింపు లేదండి అన్నారు. ఆ రెండు పెళ్ళిళ్ళకీ మా ఇంట్లోవాళ్ళం ఎవరం మండువాలోకి వెళ్ళలేదు, గాడిపొయ్యి దగ్గరే ఉండి వడ్డనలు చూసుకున్నాం.

తర్వాత రోజులు మారాయి. ఏసీ ఫంక్షన్ హాళ్ళొచ్చాయి, వెయ్యిమందికి బఫేలు, ఎల్‌ఈడీ స్క్రీన్లు. మా ఇంటికి ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళు కూడా రాని కాలం ఉంది. బాబాయి ఎవర్నీ తప్పుపట్టలేదు, ఎండాకాలంలో మండువాలో ముసలివాళ్ళు పడే ఉక్కపోత ఆయనకీ తెలుసు. 2020లో లాక్‌డౌన్ సడలించి, పెళ్ళికి 50మందికి మించకూడదన్నప్పుడు మాత్రం ఒక్కసారిగా ఫోన్లు మొదలయ్యాయి. వెయ్యిమంది పట్టే హాల్లో యాభైమంది కూర్చుంటే బావురుమంటుంది, మా మండువాలో యాభైమందంటే నిండుగా ఉంటుంది, పైన ఆకాశం, గాలి. వాళ్ళ ఫొటోలు చూసి హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి కూడా అడగడం మొదలెట్టారు. ఇప్పుడు తమ్ముడు సరైన రేటే తీసుకుంటున్నాడు, తీసుకోవాలి కూడా, మనుషులకి జీతాలివ్వాలి, కరెంటు బిల్లులున్నాయి. రసీదు పుస్తకంలో మాత్రం పెంకు డబ్బులని వేరే గడి వేయించాడు, అందులో ఎంత వేయాలో ఇప్పటికీ వచ్చినవాళ్ళ ఇష్టమే. ఊళ్ళోవాళ్ళకి ఆ ఒక్క గడే.

మొన్న ఫోన్ చేశాడు. పెంకు దొరకట్లేదక్కా అన్నాడు. మా కొలతకి సరిపడే పెంకు ఇప్పుడెవరూ చేయట్లేదు. చుట్టుపక్కల మండువా ఇళ్ళు విప్పేస్తుంటే, టేకు కొనేవాళ్ళు లారీలేసుకొచ్చి దూలాలు పట్టుకుపోతారు, పెంకు అక్కడే వదిలేస్తారు, వీడు ట్రాక్టరేసుకెళ్ళి ఆ పెంకు తెచ్చుకుంటున్నాడు. అలా ఇప్పటికి ఏడు ఇళ్ళ పెంకు మా కప్పు మీదుంది. ఈసారి తెచ్చింది మా పెద్దత్తయ్యగారి అత్తవారింటిది, కోటిపల్లి అవతల్నుంచి, అదే రేవు దాటించి. ఎనిమిదొందలు పనికొస్తాయట. ఎక్కడ ముందు వేయించమంటావు అని అడిగాడు. పెళ్ళికూతుర్ని చేసే గది మీద ఈశాన్యం మూల కారుతుందని పోయిన శ్రావణంలో చూశాను, అక్కణ్ణుంచి మొదలెట్టమన్నా.